కళాశాలలో కుంచె

పదునారు, పదునేడేండ్ల పిల్లవాడు లెక్కల పుస్తకపుటంచున బొమ్మలు వేయుచుండగా చూచినచో మనకు కోపమే ముందు వచ్చును. ఆ బొమ్మలు మార్కులు తేవు గదా!

20వ శతాబ్ది రెండవ దశకమున రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉండిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర అట్టి బొమ్మలను చూచి కోపించలేదు. ఆయన స్వయముగా చిత్రకారుడు, రచయిత. చిత్రలేఖనమున ఆసక్తిగల విద్యార్థులను చేరదీసి మెలకువలు నేర్పెను. అడివి బాపిరాజు ఆ శిష్యులలో ఒకడు. ఆయన పట్టము పుచ్చుకొని, న్యాయశాస్త్రము చదివియు కుంచెను విడువలేదు.

మరియొకడు 1897లో జన్మించిన దామెర్ల రామారావు. ఈతని దారి వేరని గురువు గ్రహించెను. ఆయన ప్రోద్బలముననే 1916లో రామారావు బొంబాయి జె. జె. చిత్రకళాశాలకు వెళ్లెను. తిరిగివచ్చి 1923లో రాజమహేంద్రవరముననే చిత్రకళాశాల నెలకొల్పెను. 1925 ఫిబ్రవరిలో, 28వ యేటనే, మశూచి ఆయనను బలిగొన్నది. మిత్రుడు వరదా వెంకటరత్నము ఆ పాఠశాలను నడపెను. రామారావు చిత్రములను నేటికిని ఆ ఊరి కళామందిరమున చూడవచ్చును.

బొంబాయికి బయలుదేరుననాటికి ఆ యువకునకు మిగిలిన ఆయుర్దాయము తొమ్మిదేండ్లే. ఆ సంగతి గురువునకు తెలియదు, శిష్యునకు తెలియదు. "ముందు చదువు, తరువాత బొమ్మలు" అని ఆనాడు పెద్దలు పట్టుబట్టియుండినచో, ఆ తరువాత అనునది ఎంత మిగిలియుండెడిది?

మన యింటి పిల్లవాని పుస్తకమును మూయించుటకు ముందు ఆ అంచు బొమ్మను ఒకసారి చూతము.