లంఖణం నుంచి పప్పుకట్టు దాకా: మన పథ్యం కథ

"లంఖణం పరమౌషధం" అన్న మాట వినని తెలుగువారుండరు. ఒళ్ళు వెచ్చబడిందంటే చాలు, ఇంట్లో పెద్దవాళ్ళు ముందు కంచం పక్కన పెట్టించేవారు. ఇబ్రీలో వైద్యుడిగా పనిచేస్తున్న నాకు ఈ మాట ఇప్పటికీ తరచుగా వినిపిస్తూనే ఉంటుంది. ఫ్లూ జ్వరమో, పచ్చకామెర్లో వచ్చి తగ్గినా, మన కార్మిక సోదరులు కొందరు వారాల తరబడి నీరసంగానే ఉంటారు. "ఏం తింటున్నావు తమ్ముడూ?" అని అడిగితే "పథ్యం సార్, ఒట్టి మజ్జిగన్నమే" అంటారు. నూనె లేదు, పప్పు లేదు, గుడ్డు లేదు. ఈ పథ్యం ఎక్కడినుంచి వచ్చింది, వైద్యశాస్త్రం దాన్ని ఎలా మార్చింది అన్నది మన కుటుంబాలన్నీ తెలుసుకోవలసిన చరిత్ర.

పథ్యం అంటే దారికి అనుకూలమైనదని అర్థం. పస్తు అని కాదు. చరక సంహితలో జ్వరానికి లంఖణం చెప్పిన మాట నిజమే కాని, అది మొదటి మెట్టు మాత్రమే. ఆ తర్వాత పలుచని గంజి, చిక్కని జావ, పప్పుకట్టు, ఆపైన మామూలు అన్నం అని ఒక వరుస ఉంది. ఆకలి తిరిగి వచ్చేకొద్దీ ఆహారం పెంచుకుంటూ పోవాలన్నమాట. మన సామెతలో మాత్రం మొదటి మెట్టు ఒక్కటే మిగిలింది.

అమ్మవారు పోసినప్పుడు మన ఇళ్ళలో పాటించిన పద్ధతులు గుర్తు చేసుకోండి. చలవ చేస్తుందని మజ్జిగ, పెరుగన్నం, కొబ్బరినీళ్ళు ఇచ్చేవారు. పోపు వాసన కూడా రానిచ్చేవారు కారు. ఇందులో మంచి ఉంది: ఒంట్లో నీరు తగ్గకుండా చూడడం, మెత్తని ఆహారం పెట్టడం. కాని తట్టు సోకిన పసివాడికి రోజుల తరబడి పప్పు, నూనె, గుడ్డు మానిపించడం ప్రమాదకరం. తట్టు వైరస్ ఊపిరితిత్తులతో పాటు పేగుల లోపలి పొరను కూడా దెబ్బతీస్తుంది. విరేచనాలు పట్టుకుంటాయి, ఆకలి చస్తుంది, ఒంట్లో ఉన్న కాస్త విటమిన్ ఏ కూడా ఖర్చయిపోతుంది. అసలే బక్కగా ఉన్న బిడ్డ అయితే నల్లగుడ్డు మెత్తబడి చూపే పోవచ్చు. తట్టు తగ్గినా బిడ్డ కోలుకోకపోవడానికి వెనుక ఉన్న కారణాల్లో ఆకలి ఒకటి.

పేగు పాడైతే తిన్నది వంటబట్టదన్న సంగతి మన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఇంటికే బాగా తెలుసు. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన స్ప్రూ అనే పేగు వ్యాధికి అన్నదమ్ములను పోగొట్టుకున్నారు. తరువాత అమెరికాలో ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూ రోగులకు ఆ విటమినే మందుగా పనికివచ్చింది. స్ప్రూ, తట్టు ఒకటి కాకపోయినా, దెబ్బతిన్న పేగుకు పోషణే వైద్యమన్న పాఠం రెండింటికీ వర్తిస్తుంది.

ఈ పాఠాన్ని దేశమంతటికీ చేర్చడంలో హైదరాబాదు పాత్ర పెద్దది. 1918లో కూనూరులో మెకారిసన్ ప్రారంభించిన చిన్న పరిశోధన కేంద్రం 1958లో హైదరాబాదుకు తరలి వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. డాక్టర్ సి. గోపాలన్ నాయకత్వంలో అక్కడ జరిగిన పరిశోధనల ఆధారంగానే, 1970లో చిన్నపిల్లలకు ఆరునెలలకొకసారి విటమిన్ ఏ చుక్కలు వేసే జాతీయ కార్యక్రమం మొదలైంది. తట్టుతో ఆసుపత్రిలో చేరిన పిల్లలకు విటమిన్ ఏ ఇస్తే మరణాలు బాగా తగ్గుతాయని 1990లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ పరిశోధన చూపింది. ఈనాడు తట్టు చికిత్సలో అది ఒక భాగం.

విరేచనాల సంగతీ అంతే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల బనగాఁవ్ శిబిరంలో కలరా చెలరేగినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటితో వేలమందిని కాపాడారు. జబ్బుపడ్డ పేగు కూడా ఉప్పును చక్కెరతో కలిపి ఇస్తే నీటితో సహా పీల్చుకుంటుంది. ఉప్పు వేసిన మన గంజిలోనూ ఉన్న సూత్రం ఇదే. 1973లో కనుగొన్న రోటావైరస్ విరేచనాలకూ ఇదే చికిత్స. నీళ్ళతో పాటు తల్లిపాలు, అన్నం ఆపకూడదని నేడు వైద్యులందరూ చెబుతారు. రోటావైరస్‌కు హైదరాబాదులోనే తయారైన టీకా 2016లో జాతీయ కార్యక్రమంలో చేరింది. మొదట అందుకున్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఇటీవలి పరిశోధన ఇంకో అడుగు ముందుకు వేసింది. మన పేగుల్లో కోటానుకోట్ల సూక్ష్మజీవులున్నాయి. పప్పులు, కూరగాయల్లోని పీచుతో అవి తయారు చేసే ఆమ్లాలు పేగు గోడకు బలమిస్తాయి, రోగనిరోధక కణాలకు తోడ్పడతాయి. 2017లో ప్రచురించిన ఒడిశా పరిశోధనలో 4,500 మందికి పైగా పసికందులు పాల్గొన్నారు. ఒక ప్రత్యేకమైన మేలుచేసే బ్యాక్టీరియాను కొద్దిరోజులు ఇచ్చినవారిలో ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్లే కాక, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లూ తగ్గాయి. దీన్నిబట్టి పెరుగు తింటే ఫ్లూ రాదని అనుకోకండి. కోవిడ్ కాలంలో అలాంటి మాటలు ఎన్నో విన్నాం. ఆహారం వైరస్‌ను చంపదు. వైరస్‌తో పోరాడి అలసిన ఒంటిని నిలబెడుతుంది.

ఇక మన ఇబ్రీ సంగతి. పచ్చకామెర్లు వస్తే పసుపు మానాలని, ఉప్పు, నూనె ముట్టకూడదని మనవాళ్ళ నమ్మకం. కలుషిత నీటివల్ల వచ్చే హెపటైటిస్ ఏ, ఈ లకు అలాంటి పథ్యం అక్కరలేదు. వికారం తగ్గేదాకా కొద్దికొద్దిగా, తగ్గాక కడుపునిండా తినాలి. మద్యం, ఊరినుంచి తెప్పించుకున్న పసరు మందులు, డాక్టరు చెప్పని మాత్రలు మాత్రం మానాలి. మత్తుగా ఉన్నా, మాట తడబడినా, వాంతులు ఆగకపోయినా, రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

క్యాంపు గదిలో ఒంటరిగా వండుకునే తమ్ముడికి ఖరీదైన టానిక్కులు వద్దు. ఇక్కడి లబన్ మన మజ్జిగే కదా! దానికి తోడు పెసరపప్పు కట్టు, గుడ్డు, నాలుగు ఖర్జూరాలు, అరటిపండు చాలు. చక్కెర జబ్బు ఉన్నవారు ఖర్జూరాల విషయంలో డాక్టరును అడగండి. కుటుంబాలతో ఉన్న మనం జబ్బుపడ్డ తోటివాడికి వారం రోజులు ఒక క్యారియర్ పంపినా అది పెద్ద వైద్యమే.

ఉగాది పచ్చడిలో ఆరు రుచులూ ఉన్నట్టే, కోలుకునే మనిషి కంచంలోనూ అన్నీ ఉండాలి.