ఊళ్లో నాన్నకు గుండెపోటు వస్తే.. ముందు ఎక్కడికి తీసుకెళ్లాలి?

మీరుండేది హైదరాబాద్‌లో. అమ్మానాన్నలు మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో. రాత్రి పదకొండింటికి ఫోన్: ‘నాన్నకు ఛాతీ బరువుగా ఉందంట, చెమటలు పడుతున్నాయి’. అప్పుడు చాలామంది చేసేది ఒకటే. కారు మాట్లాడి నేరుగా వరంగల్ లేదా హైదరాబాద్ బయల్దేరదీస్తారు. దారిలో ఈసీజీ తీసే ఆసుపత్రులున్నా ఆగరు. ఇక్కడే విలువైన సమయం పోతుంది.

గుండె రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే కండరం నిమిషాల లెక్కన దెబ్బతింటుంది. రెండు గంటల్లోపు యాంజియోప్లాస్టీ చేసే ఆసుపత్రికి చేరగలిగితే అదే మేలు. చేరలేకపోతే గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది. దీనికి క్యాథ్‌ల్యాబ్ అక్కర్లేదు. ఈసీజీ చూసి, ఎవరికి ఇవ్వకూడదో తెలిసిన డాక్టర్ ఉంటే చాలు. మొదటి 3 గంటల్లో బాగా పనిచేస్తుంది, 12 గంటల వరకూ ఉపయోగం ఉంటుంది. ఆ తర్వాత పెద్దాసుపత్రికి వెళ్లాల్సిందే.

అందుకే ముందు 108కి చేయండి. ఈ సర్వీసు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే మొదలైంది. ‘ఈసీజీ, గడ్డ కరిగించే ఇంజెక్షన్ దగ్గర్లో ఎక్కడున్నాయి’ అని అడగండి. నాన్నను నడిపించొద్దు, బైక్ మీద కూర్చోబెట్టొద్దు.

ఐసీయూ అనగానే మనకు యంత్రాలే గుర్తొస్తాయి కానీ, అది పుట్టింది మనుషుల కాపలాతో. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విజృంభించినప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టర్ సలహాతో వైద్య విద్యార్థులు వంతులవారీగా చేత్తో బ్యాగు నొక్కుతూ రోగులకు ఊపిరి అందించారు. మరుసటి ఏడాదే అమెరికాలో జాన్ గిబ్బన్ గుండె పనిని యంత్రానికి అప్పగించి ఆపరేషన్ చేశారు. బెలూన్‌తో రక్తనాళాన్ని తెరిచే యాంజియోప్లాస్టీ 1977లో జ్యూరిక్‌లో వచ్చింది.

ఇక ఖర్చు. 1990ల్లో హైదరాబాద్ డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి చవకైన స్టెంట్ తయారుచేశారు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ ధరలకు పరిమితి పెట్టింది. మందు పూసిన స్టెంట్‌కు అప్పటి గరిష్ఠ ధర రూ.29,600. 2007లో మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి ఏడాదికి రూ.10 లక్షలు. యాంజియోప్లాస్టీ, బైపాస్ రెండూ దీని కిందకొస్తాయి. ఎమర్జెన్సీలో నెట్‌వర్క్ ఆసుపత్రికి నేరుగా వెళ్లొచ్చు, అక్కడి ఆరోగ్యమిత్రను కలవాలి. కార్డు ఇంట్లో మర్చిపోయారని చికిత్స ఆలస్యం చేసుకోవద్దు.

ఈ ఆదివారం ఊరికి ఫోన్ చేసినప్పుడు రేషన్ కార్డు, ఆధార్, పాత ఈసీజీ, రోజూ వేసుకునే మాత్రల షీట్లు.. అన్నింటికీ ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టమనండి.