ఎవరి తాలూకా?

2024 ఎన్నికలలో పిఠాపురమునుండి గెలిచి శ్రీ పవన్ కల్యాణ్ ఉపముఖ్యమంత్రి అయిరి. ఫలితములు వెలువడకమునుపే అచ్చటి మోటారు సైకిళ్లపై, కొన్నింటికి నంబరుండవలసిన చోటనే, "పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా" అను వ్రాత వెలసినది. చూచి మేమును నవ్వితిమి.

ఆ మాట చిన్నది కాదు. 'సంబంధము' అను అర్థముతో అరబ్బీనుండి బయలుదేరి, పారసీకము మీదుగా వచ్చి, సర్కారు లెక్కలలో భూభాగమైనది. పెండ్లి పందిళ్లలో "మీరు మగపెండ్లివారి తాలూకానా?" అని అడుగుటలో మాత్రము పాత అర్థమే నిలిచినది. పిఠాపురమును ఒకప్పుడు తాలూకాయే. 1948 నాటి చట్టముతో జమీందారీ పోయినది. 1985లో మండలములు రాగా తాలూకా కచేరీయు పోయినది.

జమీందారీ దినములలో రైతు ఎవరి తాలూకాయో శిస్తు రశీదే చెప్పెడిది. ఓటు సంగతి వేరు. పిఠాపురము రాజావారు పీపుల్స్ పార్టీ స్థాపించి 1937 ఎన్నికలలో దిగిరి. మద్రాసు రాష్ట్రమున ఓట్లు కాంగ్రెసుకే పడినవి. నేటి బండివాడు, అడిగినవారెవరును లేకున్నను, తానే వ్రాసికొనినాడు.

"పిఠాపురం ఓటరుగారి తాలూకా" అని ఏ శాసనసభ్యుని కారుమీదనైన నుండునేమోయని చూచుచున్నాము. ఇంతవరకు కంటబడలేదు.