చెఱకు రైతు వ్యాపారపు లెక్క

వడ్డాది పేరు వినగానే చరిత్ర నెఱిగినవారికి మత్స్యవంశపు రాజులు స్మృతికి వత్తురు. ఆ వంశమునకు చెందిన అర్జునుడు క్రీ. శ. 1269లో సమీపమందలి దిబ్బిడిని బ్రాహ్మణులకు అగ్రహారముగా ఇచ్చినట్లు తామ్రశాసనము చెప్పుచున్నది. రాజుల దానములకు రాగిరేకులు మిగిలినవి. ఈ నేలపై చెఱకు నాటి, గానుగ ఆడి, బెల్లము అమ్ముకొన్నవాని లెక్కలకు అట్టి రేకులు లేవు. ఈ పూట మనము ఆ లెక్కలనే ముచ్చటించుకొందము.

చెఱకు పండించినంతవఱకు అతడు రైతు. పొయ్యి వెలిగించి, పెనమెక్కించిననాడు చిన్న పరిశ్రమకు యజమాని. కూలీలను కుదుర్చుకొనుట, పాకము దింపవలసిన క్షణమును కనిపెట్టుట, దిమ్మల నెప్పుడు అమ్మవలెనో నిశ్చయించుకొనుట, అన్నియు అతని తలపైననే పడును. పాకము రెండు నిమిషములు ముదిరినచో రంగు నల్లబడును. అనకాపల్లి బెల్లపు బజారులో రంగును బట్టియే కదా వెల!

పూర్వము కొయ్యగానుగ లుండెడివి. 1870 తరువాత బీహారులోని బిహియాలో థామ్సన్, మిల్న్ అనువారు ఇనుపరోళ్ల గానుగను తయారుచేసిరి. కొయ్యగానుగకంటె రసము హెచ్చుగా వచ్చును, సందేహము లేదు. కాని గానుగ ఆడునది ఏటికి కొన్ని నెలలే. తక్కిన కాలమంతయు పెట్టుబడి పాకలో పడియుండును. ఆ దొరలు ఈ చిక్కును గ్రహించియే తమ గానుగలను అద్దెకును ఇచ్చిరి. కొనుటయా, అద్దెకు తెచ్చుటయా అన్న ప్రశ్న నేటి చిన్న వ్యాపారికి క్రొత్తగా పుట్టినది కాదు.

1913లో అనకాపల్లిలో చెఱకు పరిశోధనాక్షేత్రము వెలసెను. 1932లో చక్కెర పరిశ్రమకు రక్షణచట్టము రాగా, దేశమున ముప్పదికి చేరువలోనున్న కర్మాగారములు నాలుగైదేండ్లలో నూఱు దాటినవి. విశాఖపట్టణము జిల్లాలో 1933లోనే ఏటికొప్పాక రైతులు సహకారపద్ధతిపై చక్కెర కర్మాగారమును నెలకొల్పుకొనిరి. పిమ్మట చోడవరము ప్రాంతమునకు గోవాడలో సహకార కర్మాగారము వచ్చెను. అంతవఱకు వడ్డాది రైతునకు ఒకటే దారి, ఇప్పుడు రెండాయెను. చెఱకును తోలుటయా? తానే వండుకొనుటయా?

లెక్క చూతము. చెఱకు బరువులో సుమారు పదవవంతు బెల్లము దిగును. అనగా కిలో బెల్లమునకు వచ్చు ధర, కిలో చెఱకు ధరకు పదిరెట్లున్నను లాభము లేదు. కూలి, గానుగ ఖర్చు, బండికిరాయి, కమిషను దానిపై రావలెను. వంటచెఱకు మాట చెప్పలేదేమని అడుగుదురేమో. ఎండిన పిప్పియే పొయ్యిలోనికి పోవును, అది కొంత ఊఱట.

కర్మాగారమునకు తోలిన దాని చిక్కులు వేఱు. నఱికిన చెఱకు రోజులు గడచినకొలది బరువును, తీపిని కోల్పోవును. చెఱకు అందిన పదునాలుగు దినములలో సొమ్ము చెల్లింపవలెననియు, ఆలస్యమైనచో నూటికి పదునైదు వంతున వడ్డీ ఇవ్వవలెననియు 1966 నాటి ఉత్తరువు నిర్దేశించెను. కాగితముపై గడువు వేఱు, చేతికి వచ్చిన రూపాయి వేఱు అని రైతునకు ఒకరు చెప్పనక్కఱలేదు. బెల్లమైతే తూకము కాగానే పైకము కంటబడును. అయితే అందఱును ఒక్కమాఱే బజారునకు తెచ్చిననాడు ధర క్రుంగును. దాచియుంచుదమన్నచో వానకాలపు చెమ్మకు దిమ్మ నీరుకారును.

ఇంతకంటె ముఖ్యమైనది ఒకటి కలదు. నాట్లనాడు ఎరువునకో, పెండ్లికో కమిషను వర్తకునివద్ద బదులు తెచ్చినవాడు ఈ లెక్కలన్నియు వేసి ప్రయోజనమేమి? అతని బెల్లము ఏ దుకాణము ముందు దిగవలెనో అప్పుపత్రము నాడే తేలిపోయినది. ధర బాగున్నదని వేఱొకచోట దింపుటకు లేదు, ఆగి అమ్ముటకును లేదు. పంట చేతికి వచ్చినప్పుడు తప్పుగా నిర్ణయించితినని వగచువారిలో పెక్కురు నిజమునకు పది నెలల క్రిందటనే నిర్ణయము చేసియుందురని మా యభిప్రాయము. వర్తకుని తప్పుపట్టుటకు ఈ మాట చెప్పుట లేదు. అక్కఱకు బదులిచ్చువాడు ఊరిలో ఇంకొకడుండవలెను గదా.

కొందఱు నేర్పరులు చేనును రెండుగా చూచుకొందురు. కార్శి తోట ముందుగా పక్వమగును గనుక దానిని ముందు వండి, చేతిసొమ్ము చూచుకొని, మొక్కతోటను కర్మాగారమునకు ఉంచుదురు. ఒకచోట పైకము ఆలస్యమైనను రెండవచోట ఇల్లు గడచును. ఇట్టివారి పుస్తకమున ఖర్చు వేఱుగా, రాబడి వేఱుగా వ్రాయబడియుండును.

అట్టి పుస్తకములోనైనను ఒక పద్దు తఱచుగా కానరాదు. తెల్లవాఱుజామున లేచి గానుగపాకకు అన్నము మోసి, పిప్పి యెండబెట్టి, దిమ్మలు సర్దిన ఇల్లాలి కూలి ఏ వరుసలో వ్రాసితిరని అడిగిచూడుడు.