గరిటె పెట్టని కూర

ఫిలిప్పీన్స్‌లో పిల్లలు చిన్నప్పుడే నేర్చుకునే జానపద గీతం ‘బహాయ్ కూబో’. చిన్న గుడిసె చుట్టూ పెరిగే 18 రకాల పంటలు అందులో వరసగా వస్తాయి. వంకాయ, బీర, సొర, బూడిద గుమ్మడి, ముల్లంగి, ఆవ, అల్లం, వెల్లుల్లి, నువ్వులు... వింటుంటే మన పెరడే కళ్లముందు కదులుతుంది. ఆ పెరడు అనాదిగా అలాగే ఉందనిపిస్తుంది. కానీ అదే పాటలోని టమాటా, వేరుశనగ, గుమ్మడి, సింగ్కమాస్ అనే తియ్యటి దుంప, పటానీ అనే చిక్కుడు ఓడలెక్కి అమెరికా ఖండం నుంచి వచ్చినవి.

1565 నుంచి 1815 దాకా, 250 ఏళ్లపాటు, మెక్సికోలోని అకపుల్కోకూ మనీలాకూ మధ్య స్పెయిన్ ఓడలు తిరిగాయి. చరిత్రకారులు ఆ ఓడల్లోని వెండి గురించీ పట్టు గురించీ ఎక్కువ రాశారు. వంటింటి వైపు నుంచి చూస్తే వాటిలో వచ్చిన విత్తనాలే విలువైన సరుకు. మెక్సికో ఆదివాసుల నవాత్ల్ భాషలోని మాటలే ఫిలిప్పీన్స్‌లో కమాటిస్ (టమాటా), సింగ్కమాస్, సయోతే అయి నిలిచాయి. సయోతే అంటే మనం బెంగళూరు వంకాయ అని పిలిచే కాయే.

మనీలాలోని పరియాన్ పేటలో స్థిరపడిన చైనా వర్తకుల హొక్కియన్ భాష నుంచి తోగే (పెసర మొలకలు), టోక్వా (సోయా పాల గడ్డ), పెచాయ్ ఆకుకూర, లుంపియా చుట్టలు వచ్చాయి. భారతదేశం వైపు నుంచి వెళ్లిన మాటలూ ఉన్నాయి. సంస్కృత పటోలం అక్కడ పటోలాగా మారి బీరకాయకు పేరయింది. మునగను మలుంగాయ్ అంటారు. తమిళ మురుంగై పక్కన పెట్టి పలికితే చుట్టరికం చెవికే తెలుస్తుంది.

ఇన్ని దిక్కుల నుంచి వచ్చిన కాయలను ఒక్క వంటగా చేసింది బగోంగ్. చేపలనో చిన్న రొయ్యలనో ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టిన ముద్ద అది. థాయిలాండ్‌లో కపి, ఇండోనేషియాలో తెరాసి దాని బంధువులే. స్పెయిన్ అధికారి ఆంటోనియో దె మోర్గా 1609లో మెక్సికోలో అచ్చువేసిన గ్రంథంలో, ఈ దీవుల వాళ్లు కుళ్లడం మొదలైన చేపనే ఇష్టపడతారని రాశాడు. ఆ గ్రంథాన్ని 1890లో పారిస్‌లో తన వ్యాఖ్యలతో తిరిగి ప్రచురించిన ఫిలిప్పీన్స్ జాతీయ వీరుడు హోసె రిజాల్ ఆ మాట దగ్గర ఆగాడు. అది కుళ్లిన చేప కాదనీ, బగోంగ్ అనీ, తిన్నవాళ్లకు ఆ తేడా తెలుసుననీ జవాబిచ్చాడు. ఒక జాతి ఆత్మగౌరవం కోసం రాసిన పుస్తకంలో పచ్చడిలాంటి ఒక వస్తువుకు అంత చోటివ్వడం నాకు ఎంతో గొప్పగా తోస్తుంది. పరాయి పాలకుడి చిన్నచూపు కంచం దగ్గరే మొదలవుతుందని ఆయనకు తెలుసు.

బగోంగ్ అసలు బలం పినక్బెట్‌లో చూడాలి. లుజాన్ దీవి వాయవ్య తీరంలో, కొండలకూ సముద్రానికీ మధ్య ఇరుకుగా సాగే ఇలోకోస్ ప్రాంతం దాని పుట్టిల్లు. ఇలోకానో భాషలో ఆ మాటకు ‘ముడుచుకుపోయినది’ అని అర్థం. మట్టికుండ అడుగున టమాటా, ఉల్లి, అల్లం పరుస్తారు. వాటిమీద గుండ్రటి చిన్న కాకరకాయలు, పొట్టి వంకాయలు, ఆఫ్రికా నుంచి లోకమంతా పాకిన బెండ, పొడవాటి అలసంద కాయలు. పైన చేప బగోంగ్, కొద్దిగా నీళ్లు. మూతపెట్టి సన్నని సెగ మీద ఉంచుతారు. ఇక గరిటె పెట్టరు. కలిపితే కాకర చేదు కూరంతా పాకుతుందని వాళ్ల నమ్మకం. రెండు చేతులతో కుండ అంచులు పట్టుకుని పైకెత్తి ఒక్క కుదుపు కుదుపుతారు. పైనున్నవి కిందికి, కిందున్నవి పైకి వస్తాయి. నీరు ఇగిరి, వంకాయ తోలు ముడతపడినప్పుడు దించుతారు.

దక్షిణాన బికోల్‌లో ఎండిన చేమాకును కొబ్బరిపాలలో, మిరపకాయలతో ఉడికించే లాయింగ్‌కూ ఇదే కట్టుబాటు. తొందరపడి కలిపితే గొంతు దురద పెడుతుందంటారు.

మనీలా చేరిన పినక్బెట్‌లో గుమ్మడి ముక్కలూ రొయ్యల బగోంగూ కలిశాయి. హోటళ్లలో ఎక్కువగా దొరికేది అదే. గుమ్మడి తీపి కాకర చేదును కమ్మేస్తుంది కాబట్టి నా ఓటు ఇలోకోస్ కుండకే.

ఇలోకోస్ పెరడు సముద్రం కూడా దాటింది. 1906 డిసెంబర్‌లో 15 మంది ఫిలిప్పీన్ కూలీలు చెరకు తోటల పనికి హవాయి చేరారు. వాళ్ల వెనక వేలాదిగా వెళ్లినవాళ్లలో ఎక్కువమంది ఇలోకానోలే. ఆ దీవుల పెరళ్లలో మునగ, కాకర ఈనాటికీ కనిపిస్తాయి. అమెరికాలో మునగాకు కోసం వెతుక్కునే తెలుగువాళ్లకు ఫిలిప్పీన్ దుకాణంలో మలుంగాయ్ పేరుతో అది దొరకడం వెనక ఇలాంటి వలసల చరిత్రే ఉంది.

పినక్బెట్ చేసుకోవడానికి కావలసిన కాయలన్నీ మన రైతుబజారులోనే ఉన్నాయి. వంకాయ, ఎండురొయ్యల కూర తిని పెరిగినవాళ్లకు బగోంగ్ వాసన కొత్తేమీ కాదు. అది దొరక్కపోతే ఎండురొయ్యలు వేయించి, ఉప్పుతో నూరి వేయండి. పసుపు, ధనియాల పొడి, తాలింపు మాత్రం వద్దు. మూత తీసి కలపాలనిపించినప్పుడు గరిటె పక్కన పెట్టి, గిన్నెను ఒక్కసారి కుదపండి.