విద్వాంసుని పనికి కొలబద్ద

పూర్వుల పేరెత్తి వారి మాటను చెప్పుట మన శాస్త్రకారులు పాటించిన ధర్మము. పాణిని తన అష్టాధ్యాయియందు ఆపిశలి, గార్గ్యుడు, శాకల్యుడు, శాకటాయనుడు మొదలగు పదిమంది పూర్వవైయాకరణులను పేర్కొనెను. వారి గ్రంథములను చాలవఱకు కాలము మ్రింగివేసినది. పరుల గ్రంథములలో నిలిచిన పేరే వారిలో పెక్కండ్రకు మిగిలిన యాయువు. మెదకుసీమలోని కొలిచెలమ వంశమునకు చెందిన మల్లినాథసూరి, ఆధారము లేనిది వ్రాయనని మాట యిచ్చిన పిమ్మటనే వ్యాఖ్యానమునకు గడంగెను. ఇట్లు ఒక రచనయందు మఱియొక రచనను ఆధారముగా చూపుటకు ఉల్లేఖమని పేరు. అది పొందిన ఋణము నొప్పుకొనుట, చదువరికి మూలమునకు త్రోవ చూపుట.

ఈ యుల్లేఖములను ఒక్కటొక్కటిగా లెక్కించి, ఆ సంఖ్యనుబట్టి పండితునకు విలువ కట్టుట మాత్రము ఇరువదవ శతాబ్దిలో పుట్టిన క్రొత్త యాచారము. నేడు విశ్వవిద్యాలయములలో ఉద్యోగమునకు గాని పదోన్నతికి గాని నిలుచువానిని, నీ వ్యాసము లెన్ని అచ్చయినవి, వానిని ఎందఱు ఎన్ని మారులు ఉల్లేఖించిరి అని యడుగుచున్నారు. ఈ కొలబద్ద దేనిని కొలచును, దేనిని కొలువజాలదు అను విషయమును తెలిసికొనుటకు, తెలుగునాట పుట్టి అమెరికాలో పనిచేసిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్ర మిక్కిలి తోడ్పడును.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. బాల్యమున రాజమహేంద్రవరమునను, పిదప మదరాసునను చదివిరి. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందున ఒక ఆచార్యుని ఆగ్రహమునకు పాత్రులై, ఎం.బి. పట్టమునకు బదులు దానికి దిగువదైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో బయటికి రావలసివచ్చెను. కొంతకాలము ఆయుర్వేద కళాశాలలో బోధించి, అటుపిమ్మట బోస్టను నగరము చేరి హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కు అను జీవరసాయన శాస్త్రజ్ఞునితో కలిసి పనిచేయ నారంభించిరి.

1925లో వీరిరువురు ఒక వ్యాసమును ప్రకటించిరి. రక్తము, మూత్రము మొదలగు ద్రవములలో భాస్వరము ఎంత యున్నదో తెలిసికొను పద్ధతి దాని విషయము. భాస్వరామ్లము ఆమ్లద్రావణమున మాలిబ్డేటుతో కూడును. దానికి మఱియొక ద్రవ్యమును చేర్చినచో నీలవర్ణము పుట్టును. భాస్వరము హెచ్చుకొలది నీలము చిక్కనగును. ఆ రంగును, భాస్వరపు పాళ్లు తెలిసిన మఱొక ద్రావణపు రంగుతో పోల్చి లెక్క తేల్చవచ్చును. పద్ధతి సులభము, నమ్మకమైనది. కావున దానిని దేశదేశముల ప్రయోగశాలలు స్వీకరించినవి.

ఆ పద్ధతినుండియే వేఱొక గొప్ప విషయము బయటపడెను. కండరముల సారమును పరీక్షించునపుడు నీలవర్ణము వెంటనే తేలక మెల్లమెల్లగా తేలుచుండెను. ఇది పరీక్షలోని లోపమని త్రోసివేయక, వారు కారణమును వెదకిరి. కండరమున క్రియాటినుతో కూడియున్న భాస్వరామ్లము ఆమ్లమునందు క్రమముగా విడివడుటయే ఆ యాలస్యమునకు హేతువని తేలెను. 1927లో ప్రకటితమైన ఈ ఫాస్ఫోక్రియాటిను కండరము శ్రమించునపుడు తరుగును, విశ్రాంతియందు మరల పెరుగును. ఇంగ్లండులో ఎగిల్‌టను దంపతులును ఆ యేటనే ఈ పదార్థము జాడను కనిపెట్టిరి. కండరశక్తికి లాక్టికామ్లమే మూలమని చెప్పిన హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము వచ్చియుండెను. ఆ సిద్ధాంతమును మరల విచారింపవలసిన యవసరము ఇప్పుడేర్పడెను. 1929లో ఫిస్కు, సుబ్బారావుగార్లు కండరమునుండి ఏ.టి.పి. యను పదార్థమును వేఱుచేసి ప్రకటించిరి. జర్మనీలో లోమన్ అనునాతడు అదే యేట దానిని ప్రకటించెను. జీవకణములలో శక్తిని చేరవేయున దీ పదార్థమే.

ఇంత చేసినను హార్వర్డునందు సుబ్బారావుగారికి స్థిరమైన ఆచార్యపదవి లభింపలేదు. 1940లో వారు న్యూయార్కు రాష్ట్రమందలి లెడర్లీ పరిశోధనశాలకు మారి, కొలదికాలములో అచ్చటి పరిశోధనలకు అధ్యక్షులైరి. ఫోలికామ్లము యొక్క స్వరూపమును నిర్ణయించి కృత్రిమముగా తయారుచేయుట, బోదకాలునకు కారణమగు క్రిములను చంపు హెట్రజాను, డగ్గరు కనిపెట్టిన ఆరియోమైసిను, ఇవి యన్నియు వారి యాజమాన్యమున ఆ శాలనుండి వెలువడినవే. ఫోలికామ్లమునకు ప్రతికూలముగ పనిచేయు అమినోప్టెరినును అచ్చటనే తయారయ్యెను. బోస్టనులో సిడ్నీ ఫార్బరు దానిని రక్తపు క్యాన్సరుతో తీసికొనుచున్న 16 మంది బాలబాలికల కిచ్చి చూచెను. 10 మందికి తాత్కాలికముగానైనను గుణము కనిపించినదని 1948 జూన్‌లో ప్రకటించెను. అంతవఱకు ఆ వ్యాధికి మందన్నదే లేదు. ఆ యేటి ఆగస్టులో సుబ్బారావుగారు 53 ఏండ్ల ప్రాయమున మరణించిరి. అమినోప్టెరినుకు తోబుట్టువగు మెథోట్రెక్సేటు నేటికిని క్యాన్సరునకు, కీళ్లవాతమునకు వాడబడుచున్నది.

ఇక లెక్క విషయమునకు వత్తము. ఒక తీర్పును తరువాతి తీర్పు లేవి యుల్లేఖించినవో న్యాయవాదులకు తెలుపుటకై 1873లో అమెరికాలో ఫ్రాంకు షెపర్డు ఒక సూచికను ప్రారంభించెను. 1927లో గ్రాసు ద్వయము ఒక రసాయన పత్రికలోని యుల్లేఖములను లెక్కించి, చిన్న కళాశాల గ్రంథాలయము ఏయే పత్రికలు కొనవలెనో నిర్ణయింప జూచిరి. షెపర్డు మార్గమును శాస్త్రములకు వర్తింపజేయవచ్చునని 1955లో యూజీన్ గార్ఫీల్డు వ్రాసెను. 1964 నాటికి ఆతని శాస్త్రోల్లేఖ సూచిక గ్రంథాలయములకు చేరెను. ఒక భావము ఎచ్చట పుట్టి ఎటు ప్రాకినదో చూపుట, తప్పని తేలిన వ్యాసములను గ్రుడ్డిగా ఉదాహరించుటను మాన్పుట ఆతని ప్రథమోద్దేశములు. ఇవన్నియు త్రోవ చూపు సాధనములే. మనుష్యులను తూచు త్రాసుగా అవి మారుట తరువాతి కథ. 2005లో హిర్షు అను భౌతికశాస్త్రజ్ఞుడు పండితుని జీవితకృషి నంతయు ఒకే యంకెలో చెప్పు సూత్రమును కల్పించెను. ఒకనికి 20 ఉల్లేఖములకు తగ్గనివి 20 వ్యాసములున్నచో, అంతకుమించి లేనిచో, వాని యంకె 20.

ఈ త్రాసులో సుబ్బారావుగారిని పెట్టి చూడుడు. గార్ఫీల్డు ప్రకటించిన అత్యధికోల్లేఖముల పట్టికలలో 1925 నాటి భాస్వర వ్యాసము చోటు సంపాదించుకొన్నది. కాని అచ్చు సూచికయందు ఉల్లేఖింపబడిన వ్యాసమును మొదటి రచయిత పేరుక్రిందనే చూపెడివారు. కావున ఆ కీర్తి యంతయు ఫిస్కు పేర జమ యగుచుండెను. 1927, 1929 నాటి వ్యాసముల గతియు నదే. ఫోలికామ్ల వ్యాసమున మొదటి పేరు ఆంజియరుది. తక్కినవా రందఱు ‘తదితరులు’ అను మాటలో అణగిపోయిరి. అమినోప్టెరిను తయారీని ప్రకటించిన 1947 నాటి వ్యాసము సీగరు మొదలగు మువ్వురిది. ఫార్బరు వ్యాసమునకు రచయితలు ఐదుగురు. ఈ రెంటను సుబ్బారావుగారు రచయితగా లేరు. ఇందు ఎవరును దొంగతనము చేయలేదు, చేసినవారే వ్రాసిరి. కాని దారి చూపి, మనుష్యులను కూర్చి, పని నడిపించినవానికి ఆ లెక్కలో గడియే లేదు.

మఱియొక వింత గలదు. ఎక్కువమారులు ఉల్లేఖింపబడునవి పద్ధతిని చెప్పు వ్యాసములు. ప్రొటీనులను కొలుచు పద్ధతిని చెప్పిన లౌరీ వ్యాసము 1951లో వెలువడెను. 2014 నాటికి దాని యుల్లేఖములు మూడు లక్షలు దాటినవి. అది గొప్ప వ్యాసము కాదని లౌరీయే చెప్పుకొనెను. భాస్వరమును కొలువవలసిన ప్రతివాడును 1925 వ్యాసమును పేర్కొనును. ఏ.టి.పి.ని గూర్చి నేడు వ్రాయువాడో, 1929 వ్యాసమును తలపనే తలపడు. అది పాఠ్యపుస్తకమున చేరి అందఱి సొత్తైనది. కావున ఈ లెక్క వాడుకను కొలచును; ఘనతను కొలువదు. మిక్కిలి ఘనమైనది గాలివలె వ్యాపించి, పేరు లేనిదగును.

అయినను ఈ లెక్కలను వట్టి మాయయని త్రోసివేయుట న్యాయము గాదు. మన దేశమున పదవులు కులమునుబట్టియు, బంధుత్వమునుబట్టియు, సిఫారసునుబట్టియు పోవుట ఎల్ల రెఱిగినదే. అండ లేని బీదవిద్వాంసుడు, ఇదిగో నా పని, దీనిని పరదేశీయులు సైతము వాడుకొనిరి అని చూపుటకు ఈ సంఖ్య ఒక ఆయుధము. ఆ మేలును మఱువరాదు. కాని పక్షపాతమును వెడలగొట్టుటకు వచ్చిన సంఖ్య తానే దేవతయై కూర్చున్నది. 2010లో విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘమువారు అధ్యాపకుల కృషికి మార్కులు కట్టు నియమములు తెచ్చిరి. సొమ్ము పుచ్చుకొని యేదైనను అచ్చువేయు పత్రికలు పుట్టగొడుగులవలె లేచినవి. ఒకరి వ్యాసమున నొకరు పేరు చేర్చుకొనుట, పరస్పరము ఉల్లేఖించుకొనుట బేరముగా మాఱినవి. పిదప నియమములు మారినను సంఖ్యాభక్తి తగ్గలేదు. ఋణము నొప్పుకొనుటకు పుట్టిన యాచారము ఋణము లేనిచోట ఉన్నట్లు చూపుటకు ఉపయోగపడుచున్నది.

దీనికి మందు కొంత పాశ్చాత్యులే చెప్పిరి. పత్రిక యొక్క యంకెనుబట్టి వ్యాసమును, వ్యాసకర్తను తీర్పు చేయరాదని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కూడిన సంపాదకులు, ప్రకాశకులు ఒక ప్రకటనకు రూపమిచ్చిరి. దాని సారము సామాన్యమైనది: ఒకని విలువ తెలియవలెనన్న వాని వ్రాతను చదువవలెను. చదువుటకు బద్ధకించువానికే సంఖ్య కావలసియుండును.

మిగిలిన మందు మన యిండ్లలోనే యున్నది. పిల్లవాడు బడికి వ్యాసము వ్రాసినపుడు, ఈ మాట నీ కెచ్చట దొరకినదని అడిగి, ఆ పేరును క్రింద వ్రాయించుట తల్లిదండ్రులకు కష్టము గాదు. తనకు చదువు చెప్పినవానిని, తోడ్పడిన స్నేహితుని, పరీక్షనాళికలు కడిగిపెట్టిన సహాయుని పేరెత్తి చెప్పుట అలవాటైన పిల్లవాడు, పెద్దవాడై పరిశోధనశాలకు అధ్యక్షుడైనను ఆ యలవాటును విడువడు. బోదకాలు చిరకాలముగా బాధించుచున్న మన కోస్తా జిల్లాలలో హెట్రజాను మాత్రను మ్రింగినవా రెందఱో గలరు. ఆ మాత్ర వెనుక భీమవరమున పుట్టిన యొకని శ్రమ యున్నదని వారికి చెప్పుటయు ఉల్లేఖమే. దానిని ఏ సూచికయు లెక్కింపదు, చెప్పవలసినవారము మనమే.