సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్: ఒకే ప్రాంగణంలో మతం, విజ్ఞానం

అలీగఢ్ ఉద్యమం అనగానే మనం 1864, 1875, 1920 అని మూడు సంవత్సరాలు గుర్తు పెట్టుకుంటాం. ప్రిలిమ్స్‌కి అది సరిపోవచ్చు. "మత విశ్వాసాన్నీ ఆధునిక విద్యనూ సర్ సయ్యద్ ఎలా సమన్వయపరిచారు?" అని మెయిన్స్‌లో అడిగితే మాత్రం చాలదు.

నేపథ్యం

1857 తిరుగుబాటు తర్వాత ఉత్తర భారత ముస్లిం కుటుంబాలు చాలా దెబ్బతిన్నాయి. ఇంగ్లీషు చదువు వస్తే మతం పోతుందన్న భయం వాళ్లలో బలంగా ఉండేది. మిషనరీ పాఠశాలలను చూసినవారికి ఆ భయం వింత కాదు. 1866లో మొదలైన దేవ్‌బంద్ సంప్రదాయ విద్యను బలపరిచే దారి ఎంచుకుంది. సర్ సయ్యద్ దారి వేరు. 1864లో ఘాజీపూర్‌లో సైంటిఫిక్ సొసైటీ పెట్టి పాశ్చాత్య గ్రంథాలను ఉర్దూలోకి అనువదింపజేశారు. ఆయనకు బదిలీ కావడంతో సొసైటీ కూడా అలీగఢ్‌కు చేరింది.

ఆయన వాదన

ప్రకృతి దేవుడి సృష్టి. ఖురాన్ దేవుడి వాక్కు. రెండింటికీ మూలం ఒక్కటే కాబట్టి అవి పరస్పరం విరుద్ధం కాలేవు. ఎక్కడైనా విరుద్ధంగా కనిపిస్తే, లోపం మనం చెప్పుకున్న అర్థంలో ఉంది. ఈ దృష్టితోనే ఆయన ఖురాన్‌కు వ్యాఖ్యానం రాశారు. 1870లో 'తహ్జీబ్-ఉల్-అఖ్లాక్' పత్రిక ప్రారంభించారు. ప్రత్యర్థులు ఆయన్ను 'నేచరీ' అని ఎగతాళి చేశారు. కాఫిర్ అంటూ ఫత్వాలు కూడా వచ్చాయి.

అసలు మలుపు

ఇక్కడ కాస్త ఆగండి. 1875లో అలీగఢ్‌లో పాఠశాల మొదలైంది, రెండేళ్లకే కళాశాల స్థాయికి ఎదిగింది. అక్కడ మతబోధన ఆయన వ్యాఖ్యానం ప్రకారం సాగలేదు. దాన్ని సంప్రదాయ పండితులకే వదిలేశారు, సున్నీ, షియా విద్యార్థులకు విడివిడిగా ఏర్పాటు చేశారు. అది తల్లిదండ్రుల నమ్మకం కోసం ఆయన చేసుకున్న రాజీ. ఫలితం? కళాశాల నిలబడింది, 1920లో విశ్వవిద్యాలయమైంది. కానీ ఆయన జీవితమంతా వాదించిన సమన్వయం మాత్రం పాఠ్యాంశం కాలేదు. విజ్ఞానం ఒక పీరియడ్, మతం మరో పీరియడ్. రెండూ పక్కపక్కనే నడిచాయి, ఒకదాన్నొకటి ప్రశ్నించుకోలేదు.

పరిమితులూ రాయండి. ముందు పురుషుల చదువు, తర్వాతే స్త్రీలది అన్నది ఆయన వైఖరి. 1882 హంటర్ కమిషన్ ముందూ అదే చెప్పారు.

జవాబు ఎలా ముగించాలి?

"ఆయన మతాన్నీ విజ్ఞానాన్నీ కలిపారు" అని ఒక్క వాక్యంతో తేల్చేయకండి. ఆలోచనలో ఆయన చేసింది సమన్వయం, సంస్థలో చేసింది సహజీవనం. ఆ రాజీ లేకపోతే బహుశా తరగతి గదులు నిండేవి కావు. ఒక సంస్కర్త దేన్ని వదులుకుని దేన్ని సాధించాడో చెప్పగలిగితే, మీ జవాబు తేదీల పట్టికగా మిగలదు, విశ్లేషణ అవుతుంది.